భజన మండలి ట్యాబు కొన్న వైనం

కాజీపల్లి హనుమంతుడి గుడిలో శనివారం భజన ఆగిపోయే దశకు వచ్చింది. ఎవరికీ భక్తి తగ్గలేదు. షిఫ్టులు మారాయి, అంతే.

భజన మండలికి పెద్ద పెద్దరాములు. కొండాపూర్ పక్క పల్లెలో పుట్టి, బడి అయ్యాక భజన గుడిసెలో హార్మోనియం మెట్లు నొక్కడం నేర్చుకుని, మీసాలు వచ్చీ రాని వయసులో మందుల ఫ్యాక్టరీలో చేరినవాడు. ఇప్పుడు ఆ మీసాలు తెల్లబడ్డాయి. వయసును చూసి కంపెనీవాళ్లు ఆయనకు పగటి డ్యూటీ ఇచ్చారు గనక శనివారం సాయంత్రానికి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని గుడికి రాగలడు. మిగతావాళ్లకు ఆ అదృష్టం లేదు. డోలక్ వాయించే వెంకటేశం ప్యాకింగ్‌లో పని చేస్తాడు. వారం మారితే షిఫ్టు మారుతుంది. తాళాలు వేసే నర్సన్న ఇంకో కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. చాలా వారాలు దీపాలు పెట్టే వేళకు లాఠీ పట్టుకుని పోతాడు. డోలక్ ఉన్న వారం తాళాలు ఉండవు. తాళాలున్న వారం డోలక్ ఉండదు. రెండూ కుదిరిన వారం వినేవాళ్లందరూ ఓవర్‌టైములో ఉంటారు. అప్పుడు హనుమంతుడొక్కడే వింటాడు. ఆయనకు షిఫ్టులు లేవు గనక.

గుడి కమిటీ అధ్యక్షుడు చలపతిరావు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ప్లాట్ల వ్యాపారం ఆయనది. మేఘాలు కిటికీలోంచి లోపలికి తొంగి చూసేంత ఎత్తున తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నా, ప్రతి శనివారం కారేసుకుని ఈ గుడికే వస్తాడు. మంచివాడు. గుడిలో తిరిగే ప్రతి ఫ్యానూ ఆయన ఇచ్చిందే. ఆ సంగతి ఫ్యాను రెక్కల మీద రాసే ఉంటుంది. ఫ్యాను ఆగినప్పుడు చదువుకోవచ్చు.

ఒక శనివారం పెద్దరాములు ఒక్కడే కూర్చుని హార్మోనియం తిత్తి ఆడిస్తూ, తన పాటకు తనే వంత పాడుకుంటుంటే చూసి ఆయన మనసు కరిగింది.

"ఎందుకు రాములూ ఈ కష్టం? నా దగ్గర పెన్‌డ్రైవ్ ఉంది. అన్నీ భక్తి పాటలే. బాక్సుకు పెడితే పొద్దందాక పాడుతది. దానికి షిఫ్టుల్లేవు, గొంతు నొప్పుల్లేవు, చాయ్ అడగదు."

"అది పాడుతది సార్. మరి మేం?"

"మీరు వినుండ్రి. హాయిగ కూసుండి వినుండ్రి." ఆయన కాసేపు ఆలోచించి, "సరే, చైత్ర పున్నమి హనుమాన్ జయంతి దాక చూద్దాం. ఆ రోజు మండలి నిండుగ పాడితే శనివారం మీదే. లేకుంటే బాక్సు పెట్టుకుందాం. ఏమంటవ్?" అన్నాడు.

పెద్దరాములు ఏమంటాడు? సరే అన్నాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. ఫ్యాక్టరీలో ఆయన పేరు లోపలి రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. శనివారం ఆ గంటన్నర మాత్రమే ఆయన 'రాములన్న'. అది పోతే వారంలో ఆయనకంటూ మిగిలేది లేదు.

అప్పుడు దారి చూపించినవాడు ఆయన మేనల్లుడు సునీల్‌కుమార్. కంప్యూటర్ ఉద్యోగం. మామ అంటే ప్రాణం. ఫోనులో విషయం వినగానే ఎగిరి గంతేశాడు.

"మామా, ట్యాబు కొను. దాంట్ల పాట తయారు చేసే యాప్ ఫ్రీగనే దొరుకుతది. ఒకరి వాయింపు మీద ఒకరిది పరుచుకుంట పోవుడే. వెంకటేశమన్న డ్యూటీకి పోయే ముందు డోలక్ కొట్టి పోతడు. నర్సన్న పొద్దున దిగినంక తాళమేసి పంటడు. శనివారం నువ్వొక్కనివే కూసున్నా మండలంత నీ ఎన్కనే ఉన్నట్టుంటది."

"గంత మంది పడ్తరా బిడ్డా అండ్ల?"

"ఊరంత పడ్తది మామా!"

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఏ ట్యాబు కొనాలన్న దగ్గరే కథ అడ్డం తిరిగింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నారు గానీ, కాజీపల్లిలో మాత్రం అడగనివాడికి కూడా చెప్పేవాళ్లు కొల్లలు. చాయ్ బండి దగ్గర పెద్దరాములు నోరు జారడమే ఆలస్యం, అందరూ ట్యాబు పండితులయ్యారు. ఒకాయన స్క్రీను ముఖ్యమన్నాడు. ఇంకొకాయన బ్యాటరీ అన్నాడు. బిహార్ నుంచి వచ్చిన వెల్డరు ఒకతను తన ఫోను తీసి, అందులో తన ఊరి పెళ్లి బాజా వినిపించి, "సౌండ్ దేఖో చాచా, సౌండ్" అన్నాడు. చాయ్ పోసే మనిషి మాత్రం ఏమీ చెప్పలేదు. పెద్దరాములు గ్లాసు చల్లారిందని తీసుకుని, అడగకుండానే మళ్లీ వేడిది పోసి ఇచ్చాడు. ఆ పొద్దు ఆయనకు పనికొచ్చిన సాయం అదొక్కటే.

సునీల్‌కుమార్ ఖచ్చితంగా చెప్పాడు: కొంటే కొరికిన పండు బొమ్మ ఉన్నదే కొనాలి, సంగీతానికి అదే సాటి. దాని ధర విని పెద్దరాములు ఫోను చెవి నుంచి దూరంగా పెట్టాడు. మండలి దగ్గరున్నది ప్రసాదం పెట్టెలో మిగిలిన సొమ్ము. పన్నెండు వేలు దాటడానికి వీల్లేదు. దాటితే పులిహోరకు పోపు ఉండదు.

పక్కనే బియ్యం ఏరుతున్న భార్య ముత్యమ్మ తల ఎత్తకుండానే అంది: "కొరికిన పండుకే గంత ధరనా? కొరకని పండైతే ఇల్లు అమ్మాలె గావచ్చు."

చివరికి పటాన్‌చెరులో సాదుల్లా దుకాణానికి పోదామని తీర్మానం అయింది. సాదుల్లా ఒకప్పుడు టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. పెద్దరాములు పెళ్లిలో మోగిన టేప్‌రికార్డర్‌లో పాట నడుమ టేపు చిక్కుపడితే, పీటల మీదున్న పెళ్లికొడుకు పెన్సిల్ అందిస్తే సాపు చేసినవాడు ఆయనే. ఇప్పుడు కళ్లు సరిగా కనపడక గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. బేరాలూ రిపేర్లూ కూతురు సమీరా చూసుకుంటుంది.

మా వైపు ఏ వస్తువు కొన్నా ఒక్కరు పోయి కొనే ఆచారం లేదు. ఎద్దును కొన్నా, కుక్కరు కొన్నా, పిల్లను చూడబోయినట్టు పదిమంది పోవలసిందే. అలాగే ఆ శనివారం పొద్దున మండలి అంతా ఆటోలో బయలుదేరింది: ఒక పూట సెలవు పెట్టిన పెద్దరాములు, ముత్యమ్మ, వెంకటేశం, రాత్రి డ్యూటీ దిగి నిద్ర కళ్లతోనే వచ్చిన నర్సన్న, వాళ్ల నడుమ గుడ్డ కప్పిన డోలక్. డోలక్ ఎందుకంటే, సంబంధం కలిసేదీ లేనిదీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తెలియదని వెంకటేశం పట్టు.

"రాములన్నా, రా రా! ఏంది, బరాత్ తెచ్చినవా?" అంటూ సాదుల్లా లేచి తన కుర్చీ ముత్యమ్మకు వేశాడు. చాయ్ చెప్పబోయి ఆగి, "నీకు శనివారం ఒక్కపొద్దు గదా" అని గుర్తు చేసుకుని, పక్క బండి నుంచి అరటిపళ్లు తెప్పించాడు. ఆయనకు పెద్దరాములు ముఖం సరిగా కనపడదు గానీ ఆయన ఉపవాసం మాత్రం గుర్తుంది.

సమీరా మొదట ఒక ట్యాబు తీసింది. అద్దంలా మెరిసిపోతోంది. పెద్దరాములు దాన్ని రెండు చేతులా పట్టుకుని కొంచెం దూరంగా పెట్టి చూశాడు. "సరిగ్గ మన ఇంట్ల దేవుని పటమంత ఉంది!" అన్నాడు. ఆయన మనసు అక్కడే పడిపోయింది.

"అంకుల్, పాటలు చూడనీకి కాదు గదా, చేయనీకి గదా. ఇది నొక్కుండ్రి" అని సమీరా తెర మీద డోలక్ బొమ్మ తెప్పించింది.

వెంకటేశం వేలితో తట్టాడు. ఏమీ లేదు. వేలు తీసి ముత్యమ్మ వైపు చూశాడు. అప్పుడు 'ధుం' అంది.

"గిది మా సూపర్‌వైజర్ లెక్కుంది బిడ్డా. ఇయ్యాల అడిగితే రేపు పలుకుతడు" అన్నాడు వెంకటేశం.

"ముఖం చూసి చేసుకుంటే గిట్లనే ఉంటది" అంది ముత్యమ్మ, ఎవరినీ ఉద్దేశించనట్టు.

రెండోది వెంటనే పలికింది గానీ దానికి ఇయర్‌ఫోన్ తీగ పెట్టే రంధ్రం లేదు. తీగ లేనివి పెట్టుకోవచ్చు గానీ వాటిలోనూ శబ్దం ఆలస్యంగా వస్తుందని, ముందు కొట్టినదాన్ని వింటూ దాని మీద వాయించాలంటే తీగ ఉన్నదే నయమని సమీరా చెప్పింది. నర్సన్నకు అర్థం కాలేదు. "చెవుల్లేని పిల్ల వద్దు" అని మాత్రం ఓటేసి, అరటిపండు చేతిలో పట్టుకునే కూర్చుని నిద్రపోయాడు.

మూడోది పాతది. పిల్లలకు ఇంటి దగ్గర పాఠాలు చెబుతామని ఏదో కంపెనీ ఇచ్చి, ఆ కంపెనీయే ఎత్తిపోతే తిరిగి అమ్మకానికి వచ్చిన సరుకు. మందంగా, ఒక మూల గీసుకుపోయి ఉంది. కానీ తీగ రంధ్రం ఉంది, పాటలు దాచుకోవడానికి కావలసినంత చోటుంది, తట్టగానే పలుకుతోంది, ధర కూడా పెట్టెలోని సొమ్ముకు అందుతోంది. ఒకటే లోపం. మీట నొక్కగానే ఒక ఏనుగు పిల్ల తెర మీదికి వచ్చి, "హలో పిల్లలూ! ఈరోజు కొత్త పాఠం నేర్చుకుందామా?" అంటుంది. ఎంత ప్రయత్నించినా ఆ ఏనుగును పంపేయడం కుదరలేదని సమీరా ముందే చెప్పేసింది.

"ఉండనీ బిడ్డా, ఏనుగంటే వినాయకుడే గదా" అన్నాడు పెద్దరాములు, దేవుడి పటమంత ట్యాబు వైపు చివరిసారి చూసుకుంటూ. సమీరా తను వాడే ఇయర్‌ఫోన్లు తుడిచి, "ఇవి ఉంచుకోండ్రి, నాకు వేరేవి ఉన్నయి" అని సంచిలో వేసింది. ఆమెకు వేరేవి లేవని సాదుల్లా ముఖం చెప్పింది గానీ, ఆయన నోరు చెప్పలేదు.

కొత్త వస్తువు ఇంటికి వస్తే పూజ లేకుండా ముట్టుకుంటామా? బండి కొంటే చేస్తాం, బోరు వేస్తే చేస్తాం, కంపెనీలో కోట్ల మిషను దిగితే జపాను నుంచి వచ్చిన ఇంజనీరు చేత కూడా కొబ్బరికాయ కొట్టిస్తాం. ఆ సాయంత్రమే ట్యాబును హనుమంతుడి ముందు పీట మీద పెట్టారు. చక్రాలు లేని వస్తువుకు నిమ్మకాయ ఎక్కడ పెట్టి తొక్కించాలన్న దగ్గర పూజారికీ నర్సన్నకూ కొంత వాదన జరిగింది. చివరికి నర్సన్న తన మడమతోనే తొక్కి, డ్యూటీకి వేళవుతోందని వెళ్లిపోయాడు.

బొట్టు పెట్టే పని ముత్యమ్మది. తెర మీద పెట్టకూడదని సునీల్‌కుమార్ ఫోనులో చెప్పాడు. వెనకాల ఉన్నది కెమెరా కన్ను. కంట్లో ఎవరైనా పసుపు పెడతారా? పక్క అంచులకు తలా ఒకటి పెట్టింది. కింది అంచుకు వచ్చేసరికి అక్కడ ముక్కుపుడక కోసం కుట్టినట్టు సన్నని బెజ్జం ఒకటి కనిపించింది.

"సూడుండ్రి, బొట్టుకు జాగ చేసే పంపిండ్రు" అని మురిసిపోయి, గంధంలో కలిపిన పసుపు ఉంగరం వేలితో ఒత్తి పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. నిండుగా ఉంది. పూజారి కూడా మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున పని మొదలైంది. సునీల్‌కుమార్ తెల్లాపూర్ నుంచి వచ్చి అంతా అమర్చి, నేర్పి, తొందర పని ఉందని వెళ్లిపోయాడు. ముందు వెంకటేశం వాయించాడు. ఏనుగు పిల్ల పాఠం అయ్యాక తిరిగి వింటే, తడిసిన గోనెసంచి మీద ఎవరో చేత్తో కొడుతున్నట్టుంది. వెంకటేశం ముఖం మాడింది. డోలక్ తోలుకు చెమ్మ పట్టిందేమో అనుకున్నాడు, పైకి అనలేదు. నర్సన్న తాళాలు వేశాడు. పక్కింట్లో చాయ్ గ్లాసులో చెంచా తిప్పినట్టు వినిపించింది. రాత్రి నిలబడీ నిలబడీ చేతుల్లో సత్తువ పోయిందనుకున్నాడు. అతనూ పైకి అనలేదు.

చివరికి పెద్దరాములు కళ్లు మూసుకుని తను కట్టుకున్న పాటే అందుకున్నాడు: "కొండను మోసిన తండ్రీ, మా బండెడు బరువూ మొయ్యవయ్యా..."

తిరిగి వింటే అది పాటలా లేదు. దుప్పటి కప్పుకుని బావిలోకి వంగి ఎవరో మూలుగుతున్నట్టుంది. పెద్దరాములు మళ్లీ విన్నాడు. ఆయన తన గొంతును బయటి నుంచి వినడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ జనం వింటున్నది ఇదా? ఇదే వింటూ కూర్చున్నారా పాపం?

"ఎట్లుంది?" అని అడిగాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

వెంకటేశం, "మంచిగుందన్నా... లోతుగ ఉంది" అన్నాడు. నర్సన్న, "గంభీరంగ ఉంది" అన్నాడు. పెద్దరాములు కూడా బదులు ఉంచుకోకుండా, "నీ డోలక్ మెత్తగుందిరా. నర్సన్న తాళం దూరం నుంచి గుడి గంట లెక్కుంది" అన్నాడు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ముగ్గురూ అంత జాగ్రత్త పడ్డారు. మండలిలో ఒక్కడంటే ఒక్కడు కటువుగా మాట్లాడేవాడు ఉండుంటే విషయం ఆ పూటే తేలిపోయేది. మంచితనం కూడా ఒక్కోసారి చెవులకు అడ్డం పడుతుంది.

పెద్దరాములు ఆ మధ్యాహ్నం పెరట్లో ట్యాబు పట్టుకుని ముత్యమ్మకు వినిపించాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన పాటను వెక్కిరించని రోజు లేదు ఆమెకు. "ఎనుము ఈనుతున్నట్టుంది", "పాలోడు భయపడి పోయిండు" అంటూ ఏదో ఒకటి అనేది. ఆరోజు మాత్రం చేటలో చింతపండు మీద నుంచి చూపు తిప్పకుండా, "మంచిగనే ఉంది తియ్యి. వయసు గదా" అంది.

ఆ మెత్తని మాటతో పెద్దరాముల ఆఖరి ఆశ కూడా పోయింది. వెక్కిరించి ఉంటే బతికిపోయేవాడు.

ఇక ఆయనే కారణాలు వెతుక్కున్నాడు. ఇన్నేళ్ల ఫ్యాక్టరీ గాలి. గొంతులో దిగిన ఘాటు. డాక్టరు చూడనిదీ, కంపెనీ ఒప్పుకోనిదీ ఈ ట్యాబు పట్టేసింది. సోమవారం నుంచి ఆయన స్నానం చేస్తూ కూడా పాడటం మానేశాడు. పక్కింటి ముసలమ్మ వచ్చి, "రాములుకు జరమా ఏంది? పాట ఇనొస్తలేదు, నాకు లేచే టైము తెలుస్తలేదు" అని అడిగి, ఒక గిన్నెలో మిరియాల చారు పెట్టి పోయింది.

చలపతిరావుకు ఫోను చేసి చెప్పేశాడు: "సార్, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండ్రి. నా గొంతు గాడిదలకు గడ్డెయ్యనీకి గూడ పనికిరాదు." పాట వాట్సాప్‌లో పంపాడు. చలపతిరావు విని తిరిగి ఫోను చేశాడు. ఎంతో మృదువుగా, "బాధపడకు రాములూ. దేవుడు భావం చూస్తడు" అన్నాడు. సునీల్‌కుమార్ మాత్రం, "నేను ముందే చెప్పిన గదా మామా, పండు బొమ్మది కొనమని" అన్నాడు.

ఆ వారాంతానికి పున్నమి. అంతకు ముందే ట్యాబును సాదుల్లాకు తిరిగి ఇచ్చేసి, వచ్చినంత పెట్టెలో వేస్తే పులిహోరకైనా అక్కరకు వస్తుందని పెద్దరాములు పటాన్‌చెరు పోయాడు.

"ఏం ఐబుంది దాంట్ల రాములన్నా? ఏం లోపముంది?" అన్నాడు సాదుల్లా కంగారుగా.

"దాంట్ల ఏం లేదు భాయ్. ఐబు నాలోనే ఉంది."

సమీరా తీసుకుని పాట పెట్టింది. కనుబొమలు ముడిచింది. ట్యాబును అటు తిప్పింది, ఇటు తిప్పింది, కింది అంచు చూసింది. ఫక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది. "అంకుల్, ఇటు చూడుండ్రి. మైకు మీద బొట్టు పెట్టిండ్రు. నిండ పూడుకపోయింది."

"మైకా?" అన్నాడు పెద్దరాములు. "అది మైకా బిడ్డా? మైకంటే గింత ఉంటది గదా?" రెండు పిడికిళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు.

సమీరా సూది అందుకోబోయింది. "ఠైరో" అన్నాడు సాదుల్లా. ఆయన లేచి, వెనక నల్లా దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. బల్ల మీద తెల్ల కాగితం పరిచాడు. "ఇప్పుడు చెయ్ బేటా. కింద పడనియ్యకు." సమీరా మెత్తని కుంచెతో దులుపుతూ, సూది మొనతో ఒక్కో రేణువే కదిలిస్తుంటే ఆయన కాగితాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. అంతా అయ్యాక ఆ పసుపూ కుంకుమా కాగితంలోనే పొట్లం కట్టి పెద్దరాముల చేతిలో పెట్టాడు. "దేవుని దగ్గర పెట్టినది గదన్నా. చెత్తల ఎట్లేస్తం?"

పెద్దరాములు పొట్లం కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

"ఇగ పాడు" అన్నాడు సాదుల్లా.

దుకాణంలో ఛార్జరు కోసం వచ్చిన ఇద్దరు, బయట పంక్చరు వేయించుకుంటున్న ఒకతను చూస్తుండగా పెద్దరాములు భయం భయంగా పల్లవి పాడాడు. సమీరా తిరిగి వినిపించింది. గొంతు ఉంది. అద్భుతమేమీ కాదు. పై స్థాయిలో కొంచెం చీరుకుపోతోంది, ముక్తాయింపు దగ్గర సాగదీస్తోంది. అయితే అది బావిలోది కాదు, ఆయన గొంతే. పెద్దరాములు దాన్ని తప్పిపోయి దొరికిన మేకను తడిమినట్టు మళ్లీ మళ్లీ విన్నాడు.

"ఎనుము ఈనుతున్నట్టు లేదా?" అని అడిగాడు అనుమానంగా.

"కొంచెం ఉంది" అన్నాడు సాదుల్లా. పెద్దరాములకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి రాగానే యుద్ధం మొదలైంది.

"బొట్టు పెట్టి నా గొంతు పూడ్చింది నువ్వే!"

"పెట్టినప్పుడు దండం పెట్టుకుంటివి గదా, కండ్లు యాడున్నయి?"

"మరి వయసని ఎందుకంటివే?"

"నీకు రంది కావద్దని అన్న. ఎనుమంటే ఏడుస్తవని." ముత్యమ్మ ముఖం తిప్పుకుంది. తర్వాత మెల్లగా, "ఇగ నుంచి ఎనుమనే అంట" అని మాటిచ్చింది.

జయంతి నాటికి అన్నీ కొత్తగా రికార్డు చేశారు. వెంకటేశానిది ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. పొద్దుటే డోలక్ వాయించి బస్సెక్కాడు. కంపెనీ బస్సు డ్రైవరు అతని కోసం వీధి చివర కాసేపు ఆగాడు, హారన్ కొట్టకుండా. నర్సన్న తాళాలు వేసి, పడుకుని లేచి గేటుకు పోయాడు.

సాయంత్రం గుడి కిటకిటలాడింది. కూలీ లైన్ల నుంచి ఒడియా కుర్రాళ్లు తలలు దువ్వుకుని వచ్చారు. ఆడవాళ్లు వడపప్పు గిన్నెలతో వచ్చారు. చలపతిరావు పట్టు పంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. మళ్లీ పాడుతున్నామని పెద్దరాములు కబురు పెట్టినా, ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవ్ జేబులోనే ఉంచుకున్నాడు. దాని ఎర్ర తాడు బయటికి వేలాడుతోంది. ట్యాబును పెద్ద బాక్సుకు తగిలించి పెద్దరాములు హార్మోనియం ముందు ఒక్కడే కూర్చున్నాడు.

పాట అందుకున్నాడు. బాక్సులోంచి వెంకటేశం డోలక్ ఖణీమని పలికింది. నర్సన్న తాళాలు గల్లుమన్నాయి. మనుషులు లేకుండా మండలి మోగుతుంటే జనం మెడలు సాచి చూశారు. ఒక ముసలాయన బాక్సు వెనక్కి పోయి, ఎవరైనా ఉన్నారేమో చూసి వచ్చాడు. రెండు చరణాలు రాజ్యం ఏలినట్టు సాగాయి.

ఆఖరి చరణానికి వచ్చింది చిక్కు. భజనంటే మొదట నడక, చివర పరుగు. జనం ఊగేకొద్దీ డోలక్ చేయి వేగం పెంచుతుంది, డోలక్‌ను చూసి జనం ఇంకా ఊగుతారు. ఎక్కడ పెంచాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎదుటి ముఖాల్లో ఉంటుంది. వెంకటేశం పొద్దున ఖాళీ గదిలో, చెవిలో తీగలు పెట్టుకుని, గోడను చూస్తూ వాయించాడు. గోడ ఊగలేదు. అందుకని డోలక్ నింపాదిగా, బస్సు కోసం నిలబడ్డవాడిలా, ఒకే తీరుగా నడుస్తోంది. జనం ముందుకు పోయారు. బాక్సు వెనకబడింది. పాట రెండుగా చీలి, చప్పట్లు ఒకచోట, డోలక్ ఒకచోట పడసాగాయి. "జల్దీ రావయ్యా!" అని ముత్యమ్మ ట్యాబును గదమాయించింది. అది వినలేదు.

చలపతిరావు చేయి జేబు దగ్గరికి పోయింది. పెద్దరాములు చూశాడు. పాట నడుమ ఆపితే అపచారం. ట్యాబు వెంట నడిస్తే జనం ఉత్సాహం చల్లారిపోతుంది. జనం వెంట పరుగెత్తితే ట్యాబు నవ్వులపాలు చేస్తుంది. ఇన్ని తిప్పలు పడి కొన్నది, ఊరంతా చూస్తోంది, దీన్ని ఆపితే తన ఓటమి తనే ఒప్పుకున్నట్టు. పాట ఆపకుండానే హార్మోనియం మెట్ల మీద నుంచి చేయి తీసి, ట్యాబు గొంతు నొక్కేశాడు.

డోలక్ పోయింది. తాళాలు పోయాయి. హార్మోనియం కూడా ఒక్క క్షణం ఆగింది. ఉన్నది ఆ కొంచెం చీరుకుపోయిన గొంతొక్కటే. దానికి ముందుగా ఒడియా కుర్రాళ్లు చప్పట్లు కలిపారు. పాట వాళ్లది కాదు గానీ పరుగు వాళ్లకు తెలుసు. ముత్యమ్మ వడపప్పు గిన్నె మూత తీసి తాళం వేసింది. గుడంతా అందుకుంది. ఆ హోరులో చలపతిరావు కూడా తనను తాను మరిచి, ఉంగరాల చేతులు టపటపా కొట్టాడు. కొండను మోసిన తండ్రి పేరు ఎంత పైకి పోయిందంటే, ప్రహరీ అవతల ట్యాంకర్ డ్రైవర్లు ఇంజన్లు ఆపుకుని విన్నారు.

పాట అయ్యాక అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. పెద్దరాములు తల వంచుకునే అడిగాడు: "సార్, పెన్‌డ్రైవ్..."

చలపతిరావు జేబు తడుముకున్నాడు. ఎర్ర తాడు ఆయన వేళ్లకు తగిలింది. దాన్ని లోపలికి నెట్టేస్తూ, "ఇంట్ల మర్చిపోయి వచ్చిన రాములూ. ఇంత దూరం నుంచి వచ్చి మళ్లీ ఎవడు పోతడు? శనివారాలు మీరే సూసుకోండ్రి" అన్నాడు.

"అట్లనే సార్" అన్నాడు పెద్దరాములు, తాడు చూడనట్టు.

ఆ తర్వాత ట్యాబుకు వేరే ఉద్యోగం దొరికింది. ఇప్పుడది పాడదు, వింటుంది. శనివారం హార్మోనియం పక్కన పీట మీద కూర్చుని, బొట్టు లేని ముఖంతో, ఎవరు వస్తే వాళ్ల పాట పట్టుకుంటుంది. ఆదివారం ఆ పాట షిఫ్టులో ఉన్నవాళ్ల ఫోన్లకు పోతుంది. రానివాళ్లను గుడికి తెద్దామని కొన్నారు; గుడే వాళ్ల దగ్గరికి పోతోంది. నర్సన్న గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వింటాడు. వెంకటేశం క్యాంటీనులో పప్పన్నం తింటూ, బల్ల మీద వేళ్లతో డోలక్ వాయిస్తూ వింటాడు. పక్కవాళ్ల పళ్లేలు అదురుతుంటే వాళ్లు కొంచెం జరిగి చోటిస్తారు.

మొన్న అలాగే వింటూ మధ్యలో ఆపి పెద్దరాములకు ఫోను చేశాడు.

"అన్నా, ఆఖరి చరణంల గట్టిగ చప్పట్లు కొడుతున్న గాయన ఎవరు? ఒక్కటి గూడ తాళంల పడ్తలేదు. పాటంత ఖరాబ్ చేస్తుండు."

"చలపతిరావు సార్ రా. ఇప్పుడు వారం వారం కూసుంటుండు."

అటు వైపు బల్ల మీద వేళ్లు మళ్లీ ఆడి, పళ్లేలు అదిరాయి.

"మంచిగనే కొడుతుండు తియ్యన్నా" అన్నాడు వెంకటేశం.